నీ నిమిషం ఏది?

రాణీగంజ్ వెనక సందులో నవాజ్‌కు కారు స్టీరియోలు బిగించే దుకాణం ఉంది. లోపల రెండు కార్లు పట్టేంత చోటు. అందులో సగాన్ని ఎప్పటికీ కదలని ఒక మారుతీ ఓమ్ని ఆక్రమించుకుని కూర్చుంది. దానికి ఇంజను లేదు. చక్రాలున్నాయి గానీ వాటిలో గాలి లేదు. అయినా సికింద్రాబాద్ మొత్తంలో అంత మంచి సౌండు ఇంకే బండిలోనూ లేదని నవాజ్ ఒట్టేసి చెబుతాడు, అది నిజం కూడా. లోపలంతా మందపాటి గుడ్డ అంటించాడు, తలుపులకు నాలుగు స్పీకర్లు పెట్టాడు, వెనక సీటు పీకేసి ఆ జాగాలో మనిషి పట్టేంత బేస్ పెట్టె దించాడు. వచ్చిన గిరాకీని అందులో కూర్చోబెట్టి ఒక్క సినిమా పాట వినిపిస్తే చాలు, బేరమాడే నోరు సగం మూతపడుతుంది. అది వారంలో ఆరు రోజుల సంగతి.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఓమ్నిలో సినిమా పాటలు ఉండవు. నవాజ్ జుమ్మా నమాజు చేసుకుని వచ్చి, షట్టరు సగం దించి, రెండున్నర కోసం ఎదురు చూస్తాడు. రెండున్నరకు చిలకలగూడ నుంచి షాలేమ్ వస్తాడు. షాలేమ్‌ది పుస్తకాల బైండింగ్ పని. స్కూళ్ల రికార్డులు, వకీళ్ల కాగితాలు కుట్టి అట్టలు వేస్తాడు. వేళ్ల సందుల్లో ఎప్పుడూ మైదా జిగురు ఎండి ఉంటుంది. ఇద్దరికీ నలభై ఐదు దాటాయి. ఇద్దరికీ ముందు జుట్టు పోయింది. ఇద్దరూ ఓమ్ని ఎక్కుతారు, నవాజ్ స్టీరింగు వైపు, షాలేమ్ పక్క సీట్లో. ఆ వారం ప్రపంచంలో ఎక్కడో విడుదలైన కొత్త హెవీ మెటల్ ఆల్బంని మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో ఆపకుండా వింటారు.

ఈ సంగీతాన్ని వినని వాళ్లకు ఒక మాట. పనిలేని కుర్రాళ్ల గోల అని మీరు అనుకుంటూ ఉంటే అనుకోండి, మిమ్మల్ని మార్చడం నా పని కాదు. కానీ అందులోనూ రకాలున్నాయని తెలుసుకుంటే నష్టం లేదు. థ్రాష్ అంటే పోలీసులు తరుముతున్నట్టు పరిగెత్తే గిటార్లు. సంప్రదాయ మెటల్ అని ఇంకోటుంది, నవ్వకండి, వాళ్లకూ సంప్రదాయం ఉంది. ఒకాయన గొంతెత్తి ఆకాశానికి పాడతాడు, ఇద్దరు గిటార్ల వాళ్లు జోడు కట్టి ఒకే రాగం వాయిస్తారు. మూడోది డెత్ మెటల్. అక్కడ పాడేది గొంతుతో కాదు, కడుపులోంచి. మాట ఒక్కటీ అర్థం కాదు, అర్థమైతే ఇంట్లో వాళ్లు విననివ్వరు. నవాజ్ భార్య గుల్నాజ్ ఒక్కసారి విని, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ జిన్నులను దుకాణంలోనే పెట్టుకో అంది. అప్పటి నుంచి జిన్నులు ఓమ్నిలోనే ఉన్నాయి.

వీళ్లిద్దరూ కలిసింది పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో, స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక క్యాసెట్ల బడ్డీ దగ్గర. ఉన్న ఒకే ఒక్క క్యాసెట్ మీద ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకున్నారని మీరనుకుంటే పొరపాటు. పోట్లాడుకున్నారు. బడ్డీవాడు విసుక్కుని, కలిసి కొని కలిసి వినండి, నా బడ్డీ ముందు నుంచి మాత్రం పొండి అన్నాడు. ఆ రోజు పుట్టిన నియమాలు మూడు. కొత్త ఆల్బం ఏదైనా మొదటిసారి ఇద్దరూ కలిసే వినాలి, ఒక్కడు ముందుగా ఒక్క ముక్క కూడా వినకూడదు. ఆడుతున్నంతసేపూ మాట్లాడకూడదు. అయిపోయాక ఒకరినొకరు ఒకే ప్రశ్న అడగాలి: నీ నిమిషం ఏది? అంటే, మొత్తం ఆల్బంలో ఒక్క నిమిషం ఉంచుకుని మిగతాదంతా పారబొయ్యమంటే దేన్ని ఉంచుకుంటావు అని. ఎవడి నిమిషం వాడు చెప్పాలి, ఎందుకో చెప్పాలి. దాని మీద చాయ్‌లు చల్లారిపోయేదాకా తగవు పడాలి.

ఇరవై ఐదేళ్లుగా వాళ్ల స్నేహమంతా ఆ తగవే. షాలేమ్ నవాజ్ ఇంటికి వచ్చింది రెండే రెండుసార్లు, పెళ్లికి ఒకసారి, నవాజ్ తల్లి పోయినప్పుడు ఒకసారి. షాలేమ్‌కు భార్య లేదు, డోరా అని ఒక్కతే కూతురని నవాజ్‌కు తెలుసు. ఆ అమ్మాయి ఏం చదివిందో తెలియదు. ఒకడి కష్టసుఖాలు ఇంకొకడు ఎన్నడూ అడగలేదు. కానీ ఏ గిటారు దగ్గర షాలేమ్ కళ్లు మూసుకుంటాడో, ఏ డ్రమ్ము దగ్గర మోకాలు ఊపుతాడో నవాజ్‌కు తెలిసినంతగా కన్నవాళ్లకు కూడా తెలియదు.

ఈ ఏడాదిగా ఒక చిత్రం జరుగుతోంది. ఇద్దరి నిమిషాలూ కలుస్తున్నాయి. ఇదివరకు పదిసార్లకు ఒకసారి కూడా కలిసేవి కావు. ఇప్పుడు షాలేమ్ చెప్పే నిమిషం అచ్చం నవాజ్ మనసులో ఉన్నదే అవుతోంది. నవాజ్ దానికి మురిసిపోయాడు. ఇన్నేళ్లకు ఇద్దరి చెవులూ ఒకటయ్యాయని గుల్నాజ్‌తో చెప్పుకున్నాడు కూడా. ఆమె కూర కలుపుకుంటూ ఉండిపోయింది.

ఆ శుక్రవారం మూడు ఆల్బంలు ఒకేసారి వచ్చిపడ్డాయి. అలా ఏడాదికొక్కసారి కూడా జరగదు. బ్రెజిల్ వాళ్ల థ్రాష్ బృందం రస్ట్ ప్రీచర్‌ది ఒకటి, ముసలివాళ్లయినా గొంతు తగ్గని లార్డ్ కెస్ట్రెల్ అనే సంప్రదాయ బృందానిది ఒకటి, మోర్గ్ టైడ్ అని స్వీడన్ డెత్ మెటల్ వాళ్లది ఒకటి. ముందు థ్రాష్, తర్వాత సంప్రదాయం, చివర డెత్ అని నవాజ్ గురువారమే మెసేజ్ పెట్టాడు. షాలేమ్ దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు.

తీరా చూస్తే రస్ట్ ప్రీచర్ ఫోనులోకి ఇంకా పూర్తిగా దిగలేదు. నవాజ్ సీటు వెనక్కి వంగి యాంప్లిఫయర్ వైర్లు సర్దుతూనే, "ముందు కెస్ట్రెల్ పెడుతున్న, అది అయ్యేలోపు ఇది దిగుతది," అన్నాడు. షాలేమ్ కాదనలేదు. పాట షురూ అయింది. ఇద్దరూ ముందు అద్దంలోకి చూస్తూ కూర్చున్నారు. అద్దం ముందు ఉన్నది గోడే అయినా చూస్తూ కూర్చోవడం వాళ్లకు అలవాటు.

ఆల్బం గొప్పగా ఉంది. ముఖ్యంగా నాలుగో పాట. డ్రమ్ము లేదు, కరెంటు గిటారు లేదు. చెక్క గిటారు ఒక్కటి, ముసలాయన గొంతు ఒక్కటి. చనిపోయిన తమ్ముణ్ని తలుచుకుని పాడుతున్నాడు. తన నిమిషం అదేనని నవాజ్ అప్పుడే అనుకున్నాడు. షాలేమ్‌దీ అదే అవుతుందని పందెం కాయడానికి కూడా సిద్ధపడ్డాడు.

చివరి పాట అయిపోయింది. "నీ నిమిషం ఏది?" అని నవాజ్ అతని వైపు తిరిగి అడిగాడు.

షాలేమ్ రెండు చేతులూ రుద్దుకున్నాడు. "నాలుగో పాట భాయ్," అన్నాడు.

"నాకు ఎర్కనే!"

"రెండు నిమిషాలు దాటినంక డ్రమ్ములన్ని ఒక్కసారి బందైతయ్. ఒక్క గిటార్ మిగులుతది. అదిగో అయిపాయె అనుకుంటం. గంతల మల్ల అందరు ఒక్కసారి మీద వడ్తరు. ఏం కొట్టిండు భాయ్, గోడలు కూలినట్టు!"

ఇప్పుడు విన్న నాలుగో పాటలో డ్రమ్మే లేదు. ఎగతాళి చేస్తున్నాడేమోనని నవాజ్ అతని ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఎగతాళి లేదు. బాగా చదువుకొచ్చి జవాబు చెప్పిన పిల్లవాడి ముఖంలా ఉంది. షాలేమ్ చాయ్ తెస్తానని దిగి వెళ్లాడు. అతను సందు మలుపు తిరగగానే నవాజ్ ఫోను తీశాడు. రస్ట్ ప్రీచర్ ఆల్బం ఇప్పటికి దిగింది. నాలుగో పాట పెట్టి, రెండో నిమిషం దగ్గరికి జరిపి, ఫోను చెవికి ఆనించాడు. డ్రమ్ములన్నీ ఆగాయి. ఒక్క గిటారు మిగిలింది. తర్వాత అందరూ ఒక్కసారి మీద పడ్డారు.

నవాజ్‌కు ఒళ్లు మండిపోయింది. షాలేమ్ ఈ ఆల్బం ముందే విన్నాడు. తనను వదిలేసి, ఇంకెవరితోనో కూర్చుని విన్నాడు. ఇక్కడికి వచ్చి, ముసలాయన తమ్ముడి పాటకు ఒక్క ముక్క చెవి ఇవ్వకుండా ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఏ ఆల్బం ఆడుతోందో కూడా పట్టించుకోలేదు. పాతికేళ్ల మాట. పెళ్లాన్ని అనుమానించే మొగుళ్లను చూసి నవ్వే మనిషి నవాజ్. ఇప్పుడు అచ్చం అలాంటి మొగుడే అయ్యాడు. ఎవడు వాడు? ఎక్కడ కూర్చుని విన్నారు? ఆ చోట ఇంతకంటే మంచి స్పీకర్లున్నాయా?

షాలేమ్ రెండు గ్లాసులతో వచ్చి సీట్లో కూర్చున్నాడు. నవాజ్ అతని వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"ఎవనితోని విన్నవో ఆనితోనే విను. ఇయ్యాల్టితోని అయిపోయింది. వచ్చే శుక్రవారం నుంచి ఇక్కడికి రావొద్దు."

షాలేమ్ చాయ్ ఒక గుక్క తాగాడు. "అల్లం జెర ఎక్కువేసిండు ఇయ్యాల," అన్నాడు.

అంత మాట అంటే దానికి జవాబు అల్లమా? నవాజ్ గ్లాసు డాష్‌బోర్డు మీద కొట్టినట్టు పెట్టి దిగిపోయాడు. షాలేమ్ వెనకే దిగి, ఏమైంది భాయ్, తబియత్ బాగలేదా అని అడుగుతున్నా వినిపించుకోకుండా, అతను బయటికి వెళ్లేదాకా నవాజ్ షట్టరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రం షాలేమ్ మెసేజ్ పెట్టాడు, డాక్టర్‌కు చూపించుకొమ్మని. నవాజ్ దాన్ని చూసి ఇంకా మండిపడ్డాడు. సిగ్గు లేని మనిషి అనుకున్నాడు.

ఆ వారమంతా గిరాకీల మీద విసుక్కున్నాడు. ఒక ఇన్నోవాకు కుడి వైరు ఎడమకు, ఎడమది కుడికి కలిపి, మళ్లీ అంతా విప్పి బిగించాల్సి వచ్చింది. మిగతా రెండు ఆల్బంలు ఫోనులోనే ఉన్నాయి. కోపమంతా ఉన్నా, ఆ ఒక్క నిమిషం తప్ప వాటిని ముట్టుకోలేదు.

రెండో శుక్రవారం నమాజు నుంచి వచ్చి, వెనక తలుపు గుండా లోపలికి వెళ్లి, షట్టరు పూర్తిగా దించే ఉంచాడు. రెండున్నర అయింది. షట్టరు మీద చప్పుడైంది. రావొద్దని ముఖం మీద చెప్పినా వచ్చాడంటే వీడికి ఎంత పొగరు ఉండాలి! "చెప్పిన గదా రావొద్దని!" అని నవాజ్ లోపలి నుంచే అరిచాడు. కాసేపాగి మళ్లీ చప్పుడైంది. తర్వాత మెసేజ్ వచ్చింది: బయట ఉన్న భాయ్.

షట్టరు పక్కనున్న చీలికలోంచి నవాజ్ చూశాడు. షాలేమ్ ఎండలో నిలబడి ఉన్నాడు. అరచేయి షట్టరుకు ఆనించి, తల వంచి, అలాగే ఉన్నాడు. కాసేపటికి చెయ్యి తీశాడు, మళ్లీ ఆనించాడు. ఇదేం వేషం అనుకున్నాడు నవాజ్. నలభై నిమిషాలు అలా నిలబడి షాలేమ్ వెళ్లిపోయాడు. పంతం నెగ్గింది కదా, సంతోషం కలగాలి. కలగలేదు. ఓమ్నిలో ఎక్కి కూర్చుని, పక్క ఖాళీ సీటు చూసి, దిగిపోయాడు.

సోమవారం పొద్దున ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చి దుకాణం ముందు ఆగింది. హెల్మెట్ తీశాక షాలేమ్ నుదురు, షాలేమ్ ముక్కు కనిపించాయి.

"అంకుల్, నేను డోరా. యాప్రాల్‌ల రక్తపరీక్షల ల్యాబ్‌ల చేస్తా. డ్యూటీకి పోయేముందు మిమ్మల్ని కల్సి పోదామని వచ్చిన."

"కూసో బేటా," అన్నాడు నవాజ్, కుర్చీ తుడుస్తూ. తండ్రి రాయబారం పంపించాడని అనుకున్నాడు.

ఆమె కూర్చోలేదు. "మొన్న మీరు షట్టర్ తియ్యలేదంట గదా అంకుల్. డాడీ ఇంటికొచ్చి అన్నం సుత తినలే. నాకు బాధైంది. కానీ మీకు థ్యాంక్స్ చెప్దామని వచ్చిన."

"థ్యాంక్సా?"

"మీరు గట్ల చేస్తేనే మానుకుంటడు. నేను ఏడాది నుంచి మొత్తుకుంటున్న. డాక్టర్ చెప్పిండు, కుడి చెవి మొత్తం పోయింది, ఎడమ దాంట్ల కొంచెం ఉంది, ఇంక పెద్ద సౌండ్ దగ్గరికి పోతే అది సుత పోతదని. అది ఉంటేనే మిషన్ పెట్టినా పనిచేస్తదంట. లేకపోతే మిషన్ సుత వేస్టే. మీకు చెప్పిండేమో, అందుకే మీరు షట్టర్ వేసిన్రేమో అనుకున్న."

నవాజ్ చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉండిపోయింది. "వినపడదా?" అన్నాడు. "షాలేమ్‌కా?"

డోరా అతని ముఖం చూసి, తాను అనుకున్నది తప్పని గ్రహించింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఎదురుగా ఉంటే సగం మాటలు తెలుస్తాయి. పక్కన కూర్చుని మాట్లాడితే, అందులోనూ కుడి పక్కన కూర్చుని మాట్లాడితే, ఏమీ తెలియదు. గురువారం రాత్రి ఫోను ముందేసుకుని, విదేశాల్లో ముందుగా ఆల్బం విన్నవాళ్లు రాసిన రివ్యూలు వెతుక్కుంటాడు. ఇంగ్లీషు కష్టమైన చోట కూతుర్ని అడుగుతాడు. ఏ పాట, ఎన్నో నిమిషం, అక్కడ ఏం జరుగుతుంది అన్నీ కాగితం మీద రాసుకుని, పరీక్షకు పోయేవాడిలా బట్టీ పడతాడు.

"నేను ఎందుకు డాడీ గిదంతా అంటే, ఆయన అడుగుతడు బిడ్డా, చెప్పకపోతే ఎట్ల అంటడు. మీ దగ్గర సీట్ల కూసుంటే వీపుకు సౌండ్ తెలుస్తదంట. మొన్న షట్టర్ మీద చెయ్యి పెట్టి చూసిండంట, లోపల పాట నడుస్తుందేమో, తనను పిలవకుంట మీరు వింటున్నరేమో అని." డోరా కళ్లు తుడుచుకుంది. "నడుస్తలేదు బిడ్డా, ఆయన సుత వింటలేడు అని సంబురపడ్డడు అంకుల్."

ఆమె వెళ్లిపోయాక నవాజ్ ఓమ్నిలో ఎక్కి షాలేమ్ సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు వైపు సీటు తప్ప ఆ బండిలో తాను ఎప్పుడూ ఇటు కూర్చోలేదు. కుడి పక్కన, తలకు మూరెడు దూరంలో, ఒక ట్వీటరు ఉంది. ట్వీటరు అంటే సన్నని పదునైన శబ్దాలు పలికే చిన్న స్పీకరు. రెండేళ్ల కిందట ఒక ఖరీదైన కారులోంచి విప్పిన జర్మనీ జత దొరికితే, అందులో ఒకటే పనిచేస్తే, ఆ ఒక్కదాన్ని రెండు సీట్ల మధ్యలో బిగించి షాలేమ్ సీటు వైపు తిప్పి పెట్టాడు. మంచి సౌండు మనవాడికే అందాలని. తన మీద తనకే అంత ప్రేమ ఉండేది కాదు.

అప్పట్లో షాలేమ్ ఒకసారి, "జెర తగ్గించు భాయ్, చెవిల పొడుస్తుంది," అన్నాడు. ఇంకో శుక్రవారం మళ్లీ అన్నాడు. "ముసలోనివైనవ్ పో, ఇంటికి పోయి భజనలు విను," అని నవాజ్ నవ్వి, ఇంకాస్త పెంచాడు. ఆ తర్వాత షాలేమ్ మళ్లీ ఎప్పుడూ అనలేదు. అలవాటు పడ్డాడని నవాజ్ అనుకున్నాడు.

ఆ సీట్లోనే కూర్చుని నవాజ్ ఏడ్చాడు. పక్క దుకాణం వాడు డ్రిల్లు అడగడానికి వచ్చి, చూసి, అడక్కుండా వెళ్లిపోయాడు.

మూడో శుక్రవారం నవాజ్ షట్టరు పూర్తిగా ఎత్తి, సందు మొదట్లోకి పోయి నిలబడ్డాడు. రెండున్నరకు షాలేమ్ వచ్చాడు. నవాజ్‌ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపాడు. కోపం లేదు, కారణం అడగలేదు. తిన్నగా వచ్చి ఓమ్ని ఎక్కి తన సీట్లో సర్దుకున్నాడు.

"రెండు మిగిలినయ్ గదా. ఏది ముందు?" అన్నాడు.

నవాజ్ మీట నొక్కలేదు. షాలేమ్ తన సీటు మీద అరచేయి పెట్టి కాసేపు చూశాడు. "కరెంట్ పోయిందా?"

నవాజ్ సీట్లో పూర్తిగా అతని వైపు తిరిగి కూర్చున్నాడు. పాతికేళ్లలో అలా ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు.

"డోరా వచ్చింది," అన్నాడు.

షాలేమ్ చూపు అతని పెదాల మీదే ఉంది. ఆ మాట అందినట్టు ముఖం మీద తెలిసిపోయింది. తర్వాత చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"రెండిటికీ రాసుకొచ్చిన భాయ్. మోర్గ్ టైడ్‌ది సుత. నీకు ఏది గావాల్నో అడుగు, చెప్త."

నవాజ్ ఆ కాగితం అందుకున్నాడు గానీ విప్పలేకపోయాడు. "నీ చెవి నేనే పోగొట్టిన," అన్నాడు తల వంచుకుని.

"ఏందీ?"

"నీ చెవి నేను పోగొట్టిన."

"కనవడ్తలేదు భాయ్, జెర తల లేపి గట్టిగ చెప్పు."

నవాజ్ తల ఎత్తాడు. తప్పు ఒప్పుకునేవాడు గొంతు తగ్గించి ఒప్పుకుంటాడు, ఎవరైనా అంతే. నవాజ్‌కు ఆ అవకాశం లేకపోయింది. గొంతు చించుకుని అరిచాడు. "ఆ ట్వీటర్ నీ దిక్కు తిప్పింది నేను! తగ్గించమంటే పెంచింది నేను! నీ చెవి తిన్నది నేనే షాలేమ్!"

సందులో అద్దాలు కోసేవాడు పని ఆపి ఇటు చూశాడు. ఎదుటి మెకానిక్ కారు కింద నుంచి తల బయటపెట్టాడు.

"మెల్లగ, మెల్లగ. అందరు వింటున్రు," అన్నాడు షాలేమ్. "నాకు ఎర్కనే."

"ఎర్కనా?"

"అది పెట్టిన నెలకే ఎర్కైంది. ఇంటికి పోతే చెవిల ఒక్కటే కూత."

"మరి చెప్పొద్దారా!"

"చెప్పిన గదా. నువ్వు నవ్వినవ్."

"మల్ల చెప్పొద్దా! కాలర్ పట్టుకుని చెప్పొద్దా!"

షాలేమ్ గోళ్లలోని జిగురు గీక్కుంటూ కూర్చున్నాడు. "మాటిమాటికి చెప్తే, వీనికి సౌండ్ పడ్తలేదని ఈ సీట్ల ఇంకెవర్నన్న కూసోపెట్టుకుంటవేమో అనుకున్న," అన్నాడు. "నాకు శుక్రవారం గాక ఏముంది భాయ్? గురువారం నుంచే నాకు పండగ."

తాను అనుమానించిన సంగతి చెప్పడానికి నవాజ్‌కు నోరు రాలేదు. చెబితే ఇతను దానికీ నవ్వి ఊరుకుంటాడు, అది ఇంకా భరించలేడు. షాలేమ్ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి గరుకుగా ఉంది. ఇన్నేళ్లలో ఆ చెయ్యి పట్టుకున్నది అప్పుడే.

"సరే, అయిందేదో అయింది. ఇంక పెట్టు," అన్నాడు షాలేమ్. "వీపుకు తెలుస్తది, నాకది చాలు. ఎడమ దాంట్ల సుత కొంచెం అందుతది, ఫుల్ పెడితే."

నవాజ్ తల అడ్డంగా ఊపాడు. "డాక్టర్ వద్దన్నడు. డోరా మాట వినాల్నా వద్దా నువ్వు? ఇంటికి రా. గుల్నాజ్ నిన్ను తోలుకరమ్మంటది. కూసుందాం, మాట్లాడుకుందాం."

ఇంటికి అన్న మాట, మాట్లాడుకుందాం అన్న మాట షాలేమ్‌కు అందాయి. చిన్నగా నవ్వాడు. "ఏం మాట్లాడుకుంటం భాయ్? మనకు వేరే మాటలు యాడున్నయ్?"

నవాజ్ వెతికాడు. నిజంగానే వెతికాడు. ఈ మనిషి భార్య ఎప్పుడు పోయింది, ఎలా పోయింది తెలియదు. ఏం కూర ఇష్టమో తెలియదు. తొంభై తొమ్మిది నుంచి ఇప్పటిదాకా వచ్చిన వెయ్యి ఆల్బంల్లో ఇతని వెయ్యి నిమిషాలు తెలుసు, అంతే. అవి తీసేస్తే మిగిలేది దారిన పోయే మనిషి. ఆ మనిషిని కోల్పోతున్నందుకే తనకు ఊపిరాడటం లేదు.

మిగిలిన రెండు ఆల్బంలు ఆ రోజు ఎవరూ వినలేదు. నాలుగు గంటలకు గిరాకీ ఒకాయన వచ్చి బయట హారన్ కొట్టాడు. నవాజ్ ఉలిక్కిపడి అటు చూశాడు. షాలేమ్ కదల్లేదు. నవాజ్ లేవడం చూసి తానూ లేచాడు. దిగి చెప్పులు సరిచేసుకున్నాడు.

"వస్త భాయ్. వచ్చే శుక్రవారం రెండున్నరకు," అన్నాడు.

నవాజ్ బండి చుట్టూ తిరిగి వచ్చి అతని ఎదుట నిలబడ్డాడు. రెండు భుజాల మీద చేతులు వేశాడు. షాలేమ్ కళ్లు తన పెదాల మీదికి వచ్చేదాకా ఆగాడు.

"రావొద్దు షాలేమ్," అన్నాడు.

షాలేమ్‌కు అందింది. అందిందని కళ్లలో కనబడుతూనే ఉంది. అయినా తల పక్కకు తిప్పి, ఎడమ చెవి ఇటు పెట్టి, "ఏందీ?" అన్నాడు.

మిగిలిన ఆ ఒక్క చెవికి నోరు దగ్గరగా పెట్టి, నవాజ్ ఆ మాటే మళ్లీ చెప్పాడు.